గురువారం ఎగిరిన చేపలు

మదనపల్లె బస్టాండు వెనక, విత్తనాల అంగడి పైన కుమారస్వామి డిటెక్టివ్ ఆఫీసు ఉంది. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెండ్లికొడుకుల గురించి ఆరా తీయించుకునేవాళ్లే. అందుకే ఆ గురువారం మధ్యాహ్నం నడివయసు దాటిన ఒక ఆడమనిషి మెట్లెక్కి వచ్చినప్పుడు, అసిస్టెంటు ధనుంజయ అలవాటుగా అడిగాడు.

“అబ్బాయిది ఏ ఊరమ్మా?”

“అబ్బాయి కాదప్పా, చేప,” అంది ఆమె. ఆ మాటతోనే కొంగు కండ్లకు అడ్డం పెట్టుకుంది.

కుమారస్వామి లేచి కుర్చీ జరిపాడు. ఫ్యాను గాలి ఆమె వైపు తిప్పి, ఆమె మంచినీళ్లు తాగేదాకా ఏమీ అడగలేదు. ఏడ్చే మనిషిని తొందరపెడితే సగం నిజం కన్నీళ్లతోనే పోతుందని ఆయన నమ్మకం.

ఆమె పేరు చెంగమ్మ. పుంగనూరులో పిల్లల డాక్టరు అరుణ్ కుమార్ ఆస్పత్రిలో ఊడ్చి తుడిచే పని. ఉగాదికి ముందు డాక్టరు హాల్లో పెద్ద చేపల తొట్టి పెట్టించాడు. కొన్ని వారాలుగా అందులోని చేపలు ఎగిరి నేలమీద పడి చచ్చిపోతున్నాయి. పొద్దున్నే తలుపు తీసేది చెంగమ్మ కాబట్టి వాటిని చూసేదీ ఆమే.

“నేను తుడిచే ఫినాయిలు నీళ్లు దాంట్లో పడతాండాయంట. ఈ పొద్దు ఇంకోటి సచ్చింది. ఇంకొక్కటి సచ్చిందంటే పనిలోకి రావద్దన్నాడు డాక్టరు. నా మొగుడు మంచాన పడి ఉండాడు సార్. ఈ పని పోతే మా పొయ్యి ఎలగదు. నేను తొట్టిలో ఏలు కూడా పెట్టలేదప్పా.”

“పొద్దున తలుపు తీసినప్పటినుంచి జరిగింది చెప్పమ్మా. ఏదీ వదలొద్దు.”

“ఏముందప్పా? తలుపు తీస్తే సీమ సిటుక్కుమనలేదు. లోపలికి పోయి వరసగా స్విచ్చులన్నీ ఏసినాను. లైటు పడంగానే సూస్తే నేలమీద ఎర్ర చేప. ఉరికి పోయి తీసి నీళ్లలో ఏసినాను, కదల్లేదు. ఆ తొట్టిలో నత్తలు కూడా ఉండాయి. అవన్నీ అద్దం మీద పైకి పాకి, నీళ్ల అంచున అతుక్కోని ఉండాయి. వాటికి కూడా భయమేసిందేమో!”

ధనుంజయ నవ్వబోయాడు. కుమారస్వామి నవ్వలేదు.

“ఈ పొద్దు గురువారం. ముందు చచ్చినవి కూడా అన్నీ గురువారాలేనా?”

చెంగమ్మ వేళ్ల మీద ఏవో లెక్కలు చూసుకుని తలెత్తింది. “అవును సార్! యాల?”

“అదే తెలుసుకుందాం. నువ్వు భయపడకుండా పనికి పో. నన్ను కలిశానని మాత్రం ఎవరికీ చెప్పొద్దు.”

మరునాడు ఇద్దరూ పుంగనూరు వెళ్లారు. కుమారస్వామి డాక్టరుకు మాత్రం తానెవరో చెప్పాడు. మిగతావాళ్లకు తొట్టి బాగుచేసే మనుషులమని చెప్పించాడు.

హాలు మధ్యలో మోకాలెత్తు బల్ల మీద తొట్టి ఉంది. ఎరుపూ తెలుపూ కలిసిన కోయి చేపలు కొన్ని, వాటి పక్కనే మీసాల్లాంటి పొడుగు రెక్కలున్న గౌరామీలు కొన్ని తిరుగుతున్నాయి. నత్తలు అడుగున రాళ్ల మీద తాపీగా పాకుతున్నాయి. వెనకనుంచి చిన్న మోటారు గుడగుడమని నీళ్లలోకి బుడగలు వదులుతోంది. పైన మూత ఉంది కానీ, మేత వేసేందుకు ఒక మూల వెడల్పుగా తెరిచి ఉంది.

“చచ్చినవి ఏవి?” అని అడిగాడు కుమారస్వామి.

“అన్నీ కోయిలే,” అన్నాడు డాక్టరు. “గౌరామీలు ఒక్కటీ పోలేదు.”

నర్సు అనిత ముఖం చిట్లించుకునే మాట్లాడింది. “నా టేబుల్ ఫ్యాను కింద ఉండేది సార్. ఈ తొట్టి కోసం మెట్ల కిందికి తోసినారు. చేపలకేమో చల్లగాలి, నాకేమో దోమలు! బుధవారమొస్తే ఇంకా ఘోరం. ఆ పొద్దు టీకాలు గదా, బిడ్డలంతా అద్దాన్ని డబడబా బాదుతారు, బిస్కెట్లు ఏస్తారు.”

“మొన్న బుధవారం కూడా అంతేనా?”

“మొన్న నేను లేను సార్. వాయల్పాడులో మా పిన్నమ్మ కూతురి పెండ్లికి పోయింటి. ఈ పొద్దే వచ్చినాను.”

వాకిలి దగ్గర స్టూలు మీద గోవిందప్ప కూర్చుని ఉన్నాడు. బట్టతల, నవ్వుముఖం. ఆ ఆస్పత్రి పెట్టిన నాటినుంచి చీటీలిచ్చేదీ, రాత్రి తాళం వేసేదీ ఆయనే.

“గోవిందప్ప అంటే పిల్లలకు ప్రాణం,” అన్నాడు డాక్టరు. “పుంగనూరు పొట్టి ఆవులా అరుస్తాడు, గొర్రెలా అరుస్తాడు. వాళ్లు నవ్వుతుండగానే నేను సూది వేసేసేవాణ్ణి. ఇప్పుడు తొట్టి వచ్చింది కదా, ఆయనకు రెస్టు. ఏం గోవిందప్పా?”

“అవును సార్. మీ దయ, సుఖంగా ఉండాను,” అన్నాడు గోవిందప్ప నవ్వుతూనే.

అప్పుడే ఒక తల్లి పిల్లను చంకనేసుకుని వచ్చింది. గోవిందప్ప లేచి రెండు చేతులూ చాచాడు. పిల్ల కిందికి జారి, ఆ చేతుల కిందనుంచే దూరి, “చేపా!” అంటూ తొట్టి దగ్గరకు పరుగెత్తింది. గోవిందప్ప చాచిన చేతుల్ని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు చూసుకుని, చొక్కా జేబులో ఏదో వెతుక్కున్నాడు.

బయటికి రాగానే ధనుంజయ అన్నాడు. “తేలిపోయింది సార్. బుధవారం పిల్లలు అద్దం బాదుతారు. చేపలు బెదిరి ఎగురుతాయి.”

“బాగానే ఉంది. కానీ బెదిరిన చేప బాదినప్పుడే ఎగరాలి కదా? అంతమంది ముందు ఒక్కటీ ఎగరలేదు. పిల్లలు ఇండ్లకు పోయి, దీపాలు ఆర్పాక ఎగురుతోంది. రేపు కుప్పం పోదాం. తొట్టి అమ్మినావిడ అక్కడుందట.”

వాణి అంగడి కుప్పం రైల్వే స్టేషను రోడ్డులో ఉంది. కుమారస్వామి తానెవరో చెప్పగానే ఆమె చేతులూపుతూ మొదలుపెట్టింది.

“నా చేపల్లో రోగముందని ఆ మదనపల్లె అంగడోడు చెప్పిచ్చుంటాడు! డాక్టరు నా దగ్గర కొన్నాడని వానికి కడుపుమంట. నేను ఒగరి కడుపు కొట్టేదాన్ని కాదు సార్. వాడు మాత్రం రాత్రి నిద్ర పోడు, నా గిరాకీని లెక్కేసుకుంటా.”

“ఆయన సంగతి తర్వాత. అసలు చేప ఎందుకమ్మా ఎగురుతుంది?”

వాణి చల్లబడింది. ఇష్టమైన మాట అడిగితే మనుషులు ఎంత త్వరగా మంచివాళ్లవుతారో!

“మనిషి ఇల్లిడిసి యాల పోతాడు సార్? అందుకే చేప కూడా. నీళ్లు చెడితే పోతుంది. ఇంకో చేప తరిమితే పోతుంది. బెదిరితే పోతుంది. ఊపిరాడకపోయినా పోతుంది. అవతల నేలుందని దానికేం తెలుసు? ఇంకో చెరువుందనుకుంటుంది పాపం.”

“ఫినాయిలు పడితే?”

“పడితే అన్నీ సస్తాయి. ముందు నత్తలే పోతాయి.”

“నత్తలు చావలేదు. నీళ్ల అంచుకు ఎక్కాయి. గౌరామీలకు ఏమీ కాలేదు.”

వాణి ఆయన వైపు చూసింది. “ఎక్కినాయా? అయితే నీళ్లలో గాలి సాల్లేదు. కోయికి గాలి శానా కావాల. గౌరామీకి బాధ లేదు, అది మూతి పైకి పెట్టి బయట గాలి పీల్చుకుంటుంది. కానీ నేను మోటారు పెట్టిచ్చినాను గదా!”

తిరుగుదారిలో కుమారస్వామి కారు నడుపుతూ అన్నాడు. “ఎంత చక్కగా చెప్పింది! అలాంటి మనిషి మన ఆఫీసులో ఒకరుంటే సగం పని తప్పేది.”

ధనుంజయ కిటికీలోంచి బయటికి చూడసాగాడు. వి.కోట దాటినా తల ఇటు తిప్పలేదు.

“టీ తాగుదామా?”

“నాకొద్దు సార్.”

“కోపమా?”

“కోపమెందుకు సార్? ఆమెనే పిలిపించుకోండి. నేను ఊరికి పోయి టమోటాలు పెట్టుకుంటాను.”

కుమారస్వామి పెద్దగా నవ్వి, ఉన్నట్టుండి కారు పక్కకు ఆపాడు.

“ధనుంజయా, నువ్వు లేకపోతే నా ఆఫీసుకు తాళమే. అది నిజం. కానీ ఇప్పుడు నీ ముఖంలో ఉన్నదాన్ని నిన్న ఇంకొక ముఖంలో చూశాను. చూసి కూడా గుర్తుపట్టలేదు. పద, ముందు టీ తాగుదాం.”

బుధవారం టీకాలు ముగిసి, ఆస్పత్రి ఖాళీ అయింది. డాక్టరు, అనిత, చెంగమ్మ ఒక్కొక్కరే ఇండ్లకు వెళ్తున్నట్టు బయలుదేరి, ఎదురుగా టీ అంగడిలో ఉన్న కుమారస్వామి, ధనుంజయల దగ్గరకు చేరారు. కుప్పం నుంచి వాణి కూడా వచ్చింది. గోవిందప్ప లోపల దీపాలు ఆర్పి, షట్టరు సగానికి దించగానే కుమారస్వామి లేచాడు. అందరూ రోడ్డు దాటి లోపలికి నడిచారు.

“ఏం సార్, అందరూ తిరుక్కోని వస్తిరి?” అన్నాడు గోవిందప్ప.

కుమారస్వామి లైటు వేశాడు. “కాసేపు ఎవరూ మాట్లాడకండి. ఏం వినిపిస్తోందో వినండి.”

అందరూ విన్నారు.

“ఏమీ లేదే,” అన్నాడు డాక్టరు.

“అదే. ఈ తొట్టి ఉన్న గదిలో గుడగుడ శబ్దం ఉండాలి. గురువారం పొద్దున తలుపు తీస్తే చీమ చిటుక్కుమనలేదని చెంగమ్మ మొదటి రోజే చెప్పింది. అంటే అప్పటికే మోటారు ఆగి ఉంది. ఆమె వరసగా స్విచ్చులన్నీ వేసేది కాబట్టి అదీ తిరిగేది. మీరు వచ్చేసరికి అంతా సక్రమంగా ఉండేది. ఫినాయిలైతే నత్తలు చావాలి. అవి గాలి కోసం అంచుకు పాకాయి. రాత్రంతా నీళ్లలో గాలి లేదు, పైగా పిల్లలు వేసిన బిస్కెట్లు కుళ్లాయి. ఊపిరాడని కోయి మూతలోని సందులోంచి ఎగిరింది. అయితే, ఆపింది ఎవరు?”

అనిత ముఖం పాలిపోయింది. “నేను కాదు సార్! టేబుల్ గురించి ఏదో నోటికొచ్చింది అన్నాను గానీ...”

“నువ్వు కాదమ్మా. పోయిన బుధవారం నువ్వు వాయల్పాడులో ఉన్నావు. అయినా చేప చచ్చింది. చెంగమ్మ పొద్దున వచ్చి ఆపితే రాత్రి చేపలకు ఊపిరి ఆడకపోవడం జరగదు. రాత్రి చివరగా ఈ గదిలో ఉండేది ఒక్క మనిషే.”

ఎవరూ ఆ వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది.

“గోవిందప్పా?” డాక్టరు నమ్మలేకపోయాడు. “నీకు నేనేం తక్కువ చేశాను?”

“రెస్టు ఇచ్చారు,” అన్నాడు కుమారస్వామి మెల్లగా. “మిగతా రోజుల్లో ఓర్చుకున్నాడు. బుధవారం ఊరి పిల్లలంతా ఆయనను దాటుకుని ఆ అద్దం దగ్గరకు పోయేవాళ్లు. ఆ సాయంత్రం మాత్రం ఓర్చుకోలేకపోయేవాడు. మిగతా రాత్రులు మోటారు జోలికే పోలేదు.”

గోవిందప్ప స్టూలు మీద కూలబడ్డాడు.

“మొదటి తూరి తెలియక ఆపినాను సార్. లైటు స్విచ్చనుకుంటి. పొద్దున చేప సచ్చిందని ఒక బిడ్డ ఏడుస్తా వచ్చి నా ఒళ్లో కూసునింది. ఎన్నాళ్లకో! ఆవు మాదిరి అరస్తే నవ్వింది. దాని తర్వాత... చెయ్యి ఆగలేదు సార్. నీళ్లలో తోకాడించే దానికంటే నేను తీసిపోయినానా అని రాత్రిళ్లు ఒకటే మంట.”

“చెంగమ్మ మీద నింద పడుతుందని తెలియదా?” అని అడిగాడు కుమారస్వామి.

“తెలియదు సార్.”

“పడిన తర్వాత?”

గోవిందప్ప తల వంచుకున్నాడు. అప్పటిదాకా గోడకానుకుని నిలబడిన చెంగమ్మ ముందుకొచ్చింది.

“నిన్ను అన్నా అని పిలిస్తినే! నా మొగునికి జొరమొస్తే రాత్రి నువ్వే ఆటో పిలిస్తివి. అట్లాంటోనివి నా కూడు పోతాంటే నోరు తెరవకపోతివే! మూగజీవాల మీద ఏడుపు సరే, నా మీద యాల?”

గోవిందప్పకు కన్నీళ్లు వచ్చాయి. వాణి చేయి చాచి మోటారు స్విచ్చు వేసింది. ఒక్కసారిగా బుడగలు లేచాయి. ఆ రాత్రికి ఏ చేపా ఎగరదని ధనుంజయకు ఎందుకో పెద్ద ఊరట కలిగింది.

డాక్టరు చెంగమ్మ వైపు తిరిగాడు. “చెంగమ్మా, తప్పు నాది. విచారించకుండా అన్నాను. రేపటినుంచి నీ పనికి ఎవరూ అడ్డు రారు. గోవిందప్పను ఉంచాలా, పంపాలా? నష్టపోయింది నువ్వు. నువ్వే చెప్పు.”

చెంగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ఒకసారి తొట్టినీ ఒకసారి గోవిందప్పనూ చూసింది.

“ఉండనీ సార్. సూది పొడిచేటప్పుడు బిడ్డలను చేప ఎత్తుకుంటుందా యాడన్నా? మనిషే ఎత్తుకోవాల. కానీ నా కోపం ఇంకా తీరలేదు. అది తీరేదాకా ఆ నత్తల పాసీ బిస్కెట్ల కుళ్లూ కడిగేది ఈయప్పే. ఒక్క చేపకు దెబ్బ తగిలినా నేను ఊరుకోను.”

గోవిందప్ప లేచి, కండ్లు తుడుచుకోకుండానే చొక్కా చేతులు పైకి మడవసాగాడు.

“ఇప్పుడే కాదు అన్నా,” అంది చెంగమ్మ విసుగ్గా. “పొద్దున్నే.”