అవతలి నుంచి పలికేదాకా

తొమ్మిదిన్నరకల్లా ఇల్లు ఖాళీ అయిపోయింది. కొడుకు సర్వే ఆఫీసుకీ, కోడలు మందుల షాపుకీ వెళ్లిపోయారు. పెద్దావిడ కాఫీ కప్పు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది.

టీపాయ్ మీద ఐదు రిమోట్లు బుద్ధిమంతుల్లా వరసగా పడుకుని ఉన్నాయి. ఒకటి టీవీది, ఒకటి సౌండు పెట్టెది, ఒకటి సెట్‌టాప్ బాక్సుది, ఇంకోటి డిస్క్ ప్లేయర్‌ది. ఐదోది దేనిదో, కొనుక్కొచ్చిన కొడుక్కే గుర్తులేదు. ఆవిడ వాటి వంక ఒకసారి చూసి, తన కుర్చీలో కూర్చోకుండానే గదిలోకి తిరిగి వెళ్లిపోయింది.

పదకొండు రోజులుగా ఇదే తంతు. అప్పుడు తనేదో నొక్కితే తెరంతా నీలంగా మారి, ఎంతకీ బొమ్మ రాలేదు. అలసిపోయి ఇంటికొచ్చిన కొడుకు అరగంట కుస్తీ పట్టి దాన్ని దారిలో పెట్టాడు. "అమ్మా, నీకు తెలియనివి ముట్టుకోకు" అన్నాడు. అతను అని మర్చిపోయాడు గానీ ఆవిడ మర్చిపోలేదు. ఇరవై ఎనిమిదేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు కూర్చుని, ఎక్కడెక్కడి వాళ్లకో మాట కలిపిన మనిషి ఆవిడ.

పదకొండో రోజు రాత్రి భోజనాల దగ్గర కొడుకు ఉత్సాహంగా ఓ కబురు చెప్పాడు. అమ్మ గదిలోకి చిన్న టీవీ ఆర్డరు పెట్టాడట, శనివారం వస్తుందట. ఒకటే రిమోటు, రెండే బటన్లు, ఏ తలనొప్పీ ఉండదన్నాడు. మేలు చేస్తున్నానన్న సంతోషం అతని మొహంలో దాగలేదు.

పెద్దావిడ చేతిలో చెంచా ఆగిపోయింది. తన గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తప్ప ఏమీ కనబడదు. హాల్లో కూర్చుంటే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ పలకరిస్తారు, ఇంట్లో ఏం జరుగుతోందో తెలుస్తుంది.

"అంటే ఇక నాకు హాల్లో పనిలేదన్నమాట" అంది.

"నేను అలా అన్నానా? నీ సుఖం కోసమేగా చేస్తున్నాను."

"నా సుఖం ఎక్కడుందో నన్ను అడిగావా?"

కొడుకు మొహం మాడ్చుకున్నాడు. ఏం చేసినా తప్పే అయితే ఇక తనేం చెయ్యాలని విసుక్కున్నాడు. కోడలు మధ్యలో కల్పించుకుంది. అన్నిటికీ కలిపి పనిచేసే రిమోట్లు వస్తున్నాయనీ, శనివారానికి దాంతో అత్తయ్యే అన్నీ నడిపిస్తే ఆ చిన్న టీవీ వెనక్కి పంపేయాలనీ తేల్చి చెప్పింది. మాన్యువల్ లేకపోతే తనకే చేతకాదంటూ అతను నవ్వాడు. కానీ పందేనికి ఒప్పుకున్నాడు.

మర్నాడు అత్తాకోడళ్లిద్దరూ టీవీల షాపుకెళ్లారు. షాపతను గాజుపలకలా నున్నగా మెరిసే రిమోటు చూపించి తెగ పొగిడాడు. పెద్దావిడ దాన్ని చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకుంది. వేళ్లకి ఏ బటనూ తగల్లేదు.

"చూసుకుంటూ నొక్కాల్సింది నాకొద్దు బాబూ" అంది. "మా బోర్డు మీద మేం చేతుల వంక చూసేవాళ్లం కాదు."

చివరికి ఉబ్బెత్తు బటన్లున్న, ఓ మోస్తరు బరువున్న నల్ల రిమోటు ఎంచుకుంది. పాత రిమోట్లను దాని ఎదుట పెట్టి ఒక్కో బటనూ నొక్కితే, అది చూసి నేర్చుకుంటుందట.

శుక్రవారం కోడలు సెలవు పెట్టింది. ఇద్దరూ నేలమీద చతికిలబడి నాలుగు రిమోట్ల విద్యలూ దానికి నూరిపోశారు. 'సినిమా' అన్న బటన్ నొక్కితే టీవీ, సౌండు పెట్టె రెండూ వెలగాలి. పెట్టె పూర్తిగా మేలుకోవడానికి ఆరు సెకన్లు ఆగి, బొమ్మకి తగ్గ శబ్దం అందుకోమని రిమోటే దానికి చెప్పాలి.

కోడలు నొక్కింది. బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. మళ్లీ నొక్కితే ఉన్న బొమ్మ కూడా పోయింది. సాయంత్రం దాకా అదే వరస. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా వల్ల కాదు అత్తయ్యా, ఓడిపోయాం" అంది.

పెద్దావిడ రిమోటు వంక కాదు, కోడలి చెయ్యి వంకే చూస్తోంది.

"నొక్కగానే చెయ్యి దించేస్తున్నావమ్మా. ఆరు సెకన్ల తర్వాత అది చెప్పే మాట నేలకి వినపడుతోంది, పెట్టెకి కాదు. అవతలి నుంచి పలికేదాకా మేం తీగ వదిలేవాళ్లం కాదు."

శనివారం చిన్న టీవీ అట్టపెట్టె గుమ్మం పక్కన దిగింది. కొడుకు చేతులు కట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. పెద్దావిడ పద్నాలుగు రోజుల తర్వాత తన కుర్చీలో కూర్చుని, వెన్ను నిటారుగా పెట్టి, చెయ్యి చాచి బటన్ నొక్కింది. బొమ్మ వెలిగింది. శబ్దం లేదు.

"చూశావా, నేను ముందే చెప్పాను" అంటూ కొడుకు లేచి సౌండు పెట్టె వైపు నడిచాడు.

"అడ్డు తప్పుకో."

గొంతు పెంచలేదు ఆవిడ. చాచిన చెయ్యీ దించలేదు. అతను తనకు తెలియకుండానే పక్కకి జరిగాడు. పెట్టె మీది ఎర్ర దీపం నీలంగా మారింది. మరుక్షణం తెరమీది వాన హాలంతా కురిసింది, నాలుగు మూలల నుంచీ.

కోడలు చప్పట్లు కొట్టింది. కొడుకు మాత్రం ఆ చేతినే చూస్తూ నిలబడిపోయాడు. చిన్నప్పుడు ఇంట్లో ఒంటరిగా ఉండి భయమేస్తే ఫోనెత్తేవాడు. అవతల ఇదే గొంతు, "లైన్లోనే ఉండు నాన్నా" అనేది. ఒక్కసారీ మధ్యలో వదిలెయ్యలేదు. అంతటి మనిషికి తను తెలియనివి ముట్టుకోవద్దని చెప్పాడు. సిగ్గుతో అతని కళ్లు తడిశాయి.

"తప్పైపోయిందమ్మా" అన్నాడు. అట్టపెట్టె ఎత్తి బయట కారులో పెట్టొచ్చాడు. పెద్దావిడ సౌండు మరో రెండు గీతలు పెంచింది.

ఆదివారం పొద్దున వంటింట్లో ఉండగా హాల్లోంచి కొడుకు కేక వినిపించింది. బొమ్మ వచ్చిందట, శబ్దం రావడం లేదట. ఆవిడ తొంగి చూసింది. రిమోటు అప్పుడే సోఫా మీదికి విసిరేసి ఉంది.

"తీసుకుని, అంతా ఆపేసి మళ్లీ నొక్కు. చెయ్యి దించకు" అంది, కాఫీ కలుపుతూనే. "లైన్లోనే ఉండు నాన్నా."

నలభై ఏళ్ల కొడుకు చెయ్యి చాచుకుని, హాలు మధ్యలో బుద్ధిగా నిలబడ్డాడు, అవతలి నుంచి పలికేదాకా.