ముందు మానిటరా, గ్రాఫిక్స్ కార్డా?

మురమళ్ళ నుంచి అమలాపురం వెళ్ళే పొద్దుటి బస్సులో ఒక సీటంతా కంప్యూటరే కూర్చుంది. దాన్ని పాత దుప్పట్లో చుట్టి, పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుని, పక్క సీట్లో గణపతి ఉన్నాడు. స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారే గానీ, ఆ రెండు సీట్ల లెక్క మాత్రం ఆయనకి ఎందుకో తట్టలేదు.

ముమ్మిడివరంలో ఒకమ్మాయి ఎక్కింది. బస్సు కిటకిటలాడిపోతోంది.

"దీనికి టిక్కెట్టు తీసుకున్నారా అండీ?"

"లేదండీ. కంప్యూటరండి ఇది. కుదుపులు తగిలితే పాడైపోద్దండి."

"నాకూ కుదుపులు తగుల్తాయండీ. ఒళ్ళో పెట్టుకోండి. మీ కంప్యూటరేగా!"

వెనక సీటు వాళ్ళు ఫక్కున నవ్వారు. గణపతి చెవులెర్రబడ్డాయి. మూట ఒళ్ళోకి లాక్కుని, ఆ పిల్ల వైపు చూడకూడదని గట్టిగా అనుకున్నాడు. అమలాపురం చేరేలోపు నాలుగుసార్లు చూశాడు, అంతే.

గడియార స్తంభం దగ్గర సోమేశ్వరరావు గారి కంప్యూటర్ షాపు ఎక్కడో వాకబు చేసుకుని వెళ్ళి, మూట కౌంటర్ మీద పెట్టాడు. కౌంటర్ వెనక, చేతిలో స్క్రూడ్రైవర్‌తో ఆ పిల్లే ఉంది.

"ఏం చెయ్యాలండీ, మీ కుదుపులు తగలకూడని కంప్యూటర్‌కి?"

"ఓనర్ గారు లేరా అండీ?" అన్నాడు గణపతి, నీళ్ళు నములుతూ.

"ఆయన మా నాన్నగారేనండి. టీకి వెళ్ళేరు. ఆయనున్నా స్క్రూలు విప్పేది నేనే. నా పేరు నాగదుర్గ. డిప్లొమా చేసేను, భయపడకండి."

మూత తీసింది. లోపల అరంగుళం దుమ్ము, ఒక మూల రెండు బల్లిగుడ్లు. నాగదుర్గ వాటివంకా, గణపతివంకా చూసి, పెదవి బిగబట్టి నవ్వాపుకుంది.

గణపతి చెప్పుకొచ్చాడు. కంప్యూటర్ రెండువేలో సంవత్సరం వాళ్ళ నాన్న మాణిక్యాలరావు సెలవులో వచ్చినప్పుడు కొన్నది. ఆయన మస్కట్‌లో వెల్డరు. పద్నాలుగేళ్ళయింది వెళ్ళి. వచ్చే నెల్లో ఇక పూర్తిగా వచ్చేస్తున్నారు. గణపతి చదువుకున్నాడన్నా, బిఈడీ పూర్తి చేశాడన్నా అంతా ఆయన చలవే. వచ్చేసరికి ఈ ముసలి మెషీన్‌లో కొత్త ఆటలు ఝామ్మని ఆడాలి. తండ్రీకొడుకులిద్దరూ కలిసి గడపాలి. తన జీతంలోంచి ఆయనకి ఇచ్చే మొదటి కానుక ఇది.

"అందుకని గ్రాఫిక్స్ కార్డు కావాలండి. మంచిది."

"ఇప్పుడొద్దండీ. ముందు ఈ ఎస్ఎంపీఎస్ మార్చాలి. లోపల అన్నిటికీ కరెంటు పంచేది ఇదే. ఉన్నవాటికే పంచలేక చస్తోంది. కొత్త కార్డు పెడితే దీని పని అయిపోద్ది." దుమ్ము ఊదుతూ అడిగింది. "ఇంతకీ మీ నాన్నగారికి ఏ ఆటిష్టమండీ?"

కార్డు అడిగితే ఇంకేదో అంటగడుతోందని గణపతికి ఒళ్ళు మండింది. బస్సులో తిన్న దెబ్బ కూడా ఇంకా మంటగానే ఉంది.

"మీరు కార్డమ్ముతారా, ఇంటర్వ్యూ చేస్తారా అండీ?"

"ఇంటర్వ్యూకి డబ్బులు తీసుకోనండీ," అంది నాగదుర్గ.

గణపతి మూట కట్టుకుని వచ్చేశాడు. ఆ ఆదివారం యానాం బ్రిడ్జి దాటి కాకినాడ వెళ్ళి, కార్డు కొని, ఇంటికొచ్చి తనే బిగించి, దేవుడికి దణ్ణం పెట్టుకుని స్విచ్చేశాడు. టప్‌మని చప్పుడు. సన్నటి పొగ. వాళ్ళమ్మ బుజ్జమ్మ వంటింట్లోంచి "ఏం మాడిందిరా?" అని కేకేసింది.

"నా మొహమేనే!" అన్నాడు గణపతి.

* * *

మర్నాడు సాయంత్రం జోరు వానలో, నెత్తి మీంచి నీళ్ళు కారుతుంటే మళ్ళీ అదే కౌంటర్ ముందు నిలబడ్డాడు. కంప్యూటర్ మాత్రం ప్లాస్టిక్ సంచిలో పొడిగా ఉంది.

నాగదుర్గ మూత తీసి చూసింది. "కాకినాడ వెళ్ళేరా అండీ?"

"మీకెలా తెలుసండీ?"

"కార్డు మీద షాపు స్టిక్కరుంది." నవ్వలేదు. ఎస్ఎంపీఎస్ ఊడదీసి వాసన చూసి, పక్కన పెట్టి, కొత్తది బిగించింది. తెర మీద వెలుగు రాగానే అప్పుడు నవ్వింది. "అదృష్టవంతులండీ. పోయింది ఇదొక్కటే. కార్డుకి ఏమీ కాలేదు."

"సారీ అండీ. ఆరోజు నా దగ్గర ఎక్కువ గుంజుదామని చెప్తున్నారనుకున్నాను."

"తెలుసండీ. మీ మొహం మీద పెద్దక్షరాల్తో రాసుంది."

వాన తగ్గలేదు. సోమేశ్వరరావు గారు ఇద్దరికీ టీ తెప్పించి, తను పేపర్లో తల దూర్చేశారు. తడిసిన చొక్కా, వేడి టీ, ఎదురుగా ఆ పిల్ల. వాన ఇంకాసేపు కురిస్తే బావుణ్ణనిపించింది గణపతికి.

"ఆరోజు అడిగినదానికి జవాబు చెప్పలేదు మీరు," అంది నాగదుర్గ. "మీ నాన్నగారికి ఏ ఆటిష్టమండీ?"

గణపతి టీ గ్లాసు కౌంటర్ మీద పెట్టాడు.

ఆయన సెలవులకొచ్చిన ప్రతిసారీ ఈ కంప్యూటర్ ముందు గంటలు గడిపారు ఇద్దరూ. గణపతి కుర్చీలో, ఆయన పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద. గణపతి కార్లు తోలేవాడు, గణపతి సిక్సర్లు కొట్టేవాడు. ఆయన చూసేవారు. ఆయన ఆడింది ఒక్కసారి కూడా గుర్తులేదు.

"ఆయనకి చూడ్డమే ఇష్టమండీ," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే అది నిజమో కాదో తనకి తెలీదని అర్థమైంది.

ఇంటికెళ్ళగానే తల్లినడిగాడు.

"ఒకసారి నువ్వు కాలేజీకెళ్ళేక కూర్చున్నార్రా," అంది బుజ్జమ్మ, బియ్యంలో రాళ్ళేరుతూ. "ఏది నొక్కాలో తెలీలేదంట. నిన్నడగొచ్చుగా అన్నాను. వాడికున్నదే రెండు గంటల టైము, అందులో నాకు నేర్పుతా కూర్చుంటే వాడేం ఆడతాడూ అని లేచిపోయేరు."

ఆ పూట గణపతికి అన్నం సయించలేదు. ఊళ్ళో పిల్లలందరికీ లెక్కలు నేర్పుతున్నాడు. ఇంట్లో ఆ ఒక్క మనిషికి నాలుగు బటన్లు నేర్పలేదు.

పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళి, కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు. జరిగింది చెప్పాడు. "నాకేం తోచట్లేదండీ. ముందేం మార్చాలో మీరే చెప్పండి."

నాగదుర్గ కార్డు చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత లోపలికెళ్ళి, ఒక ఆఫీసు వాళ్ళు మార్చేసిన ఫ్లాట్ మానిటర్ తెచ్చింది.

"ముందు మానిటరండీ. మీ పాతది బొమ్మని వణికిస్తుంది. పద్నాలుగేళ్ళు వెల్డింగ్ మంట చూసిన కళ్ళు, పావుగంటకే నీళ్ళు కారతాయి. తర్వాత ఇవి, రెండు జాయ్‌స్టిక్కులు. కీబోర్డ్‌లో అన్ని బటన్లు చూస్తే పెద్దవాళ్ళు బెదిరిపోతారు. ఈ కార్డు మాకిచ్చేస్తే దీనికి సరిపోద్ది."

"మరి కొత్త ఆటలు?"

"రావండీ. పాతవే. ఆయనకి అవి కొత్తవేగా?"

ఆ కార్డు కోసం గణపతి రెండేళ్ళు కలలుగన్నాడు. దాని పెట్టె మీద బొమ్మని ఆఖరిసారి చూసుకుని, ఆమె వైపు జరిపేశాడు. నాగదుర్గ అప్పుడు చూసిన చూపుకి పది కార్డులైనా ఇచ్చేసేవాడే, ఉంటే.

ఆ తర్వాత మెషీన్ ఏ రోగం లేకుండా నడిచింది. షాపుకి వెళ్ళడానికి ఇక ఏ సాకూ మిగల్లేదు. మౌస్ ప్యాడ్ అరిగిపోయిందని వెళ్ళాడు. అమ్మకి నచ్చలేదని ఇంకోటి కొన్నాడు. తర్వాత కారణం కూడా చెప్పకుండానే మౌస్ ప్యాడ్లు కొన్నాడు.

* * *

మాణిక్యాలరావు వచ్చిన మొదటి వారమంతా చుట్టాలతో సరిపోయింది. ఆదివారం మధ్యాహ్నం గణపతి ఆయన్ని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో జాయ్‌స్టిక్ పెట్టాడు. తను రెండోది పట్టుకుని స్టూలు లాక్కున్నాడు.

"నాకెందుకురా..."

"ఇది నొక్కితే ముందుకి, ఇది బ్రేకు. అంతేనండి నాన్నగారూ. నేనున్నాగా."

నిప్పురవ్వలు పడి మచ్చలు తేలిన ఆ వేళ్ళు మొదట బటన్లన్నీ ఒక్కసారే నొక్కేశాయి. కారు గోడకి గుద్దుకుంది. ఇంకో గోడకి గుద్దుకుంది. రోడ్డంతా వదిలేసి వెనక్కి పోవడం మొదలెట్టింది.

"ఒరే, ఇది మస్కట్ వెళ్ళిపోతోందిరోయ్!" అని మాణిక్యాలరావు పగలబడి నవ్వారు. ఆయన అంత గట్టిగా నవ్వడం గణపతి ఎప్పుడూ వినలేదు. ఏమైందోనని బుజ్జమ్మ పరుగెత్తుకొచ్చి, గుమ్మంలోనే నిలబడి, పైటకొంగుతో కళ్ళొత్తుకుంది.

"తెర చల్లగా ఉందిరా, కళ్ళు లాగట్లేదు. ఎవరు సెట్ చేసేరు?"

"అమలాపురంలో నాగదుర్గ గారనండి..."

"ఆ పేరు చెప్తుంటే నీ కారు గోడెక్కింది, చూసుకో."

నిజమే. గణపతి కారు గోడ మీద తలకిందులుగా ఉంది. మాణిక్యాలరావు కొడుకు వంక ఎగాదిగా చూసి, "రేపు ఆ షాపుకి వెళ్దాం. నేను ఆవిడకి నమస్కారం పెట్టుకోవాలి," అన్నారు.

అన్నట్టే వెళ్ళారు. "అమ్మా, మా వాడు నాకు ఆట నేర్పేడు. దానికి కారణం నువ్వంట. పద్నాలుగేళ్ళు డబ్బులు పంపించేను గానీ, వీడితో కలిసి ఇంతసేపు నవ్వింది ఇదేనమ్మా మొదలు. నీ మేలు మర్చిపోను."

నాగదుర్గ స్క్రూడ్రైవర్ తిప్పుతూ నిలబడింది.

"మా వాడు నీకేమైనా చెప్పేడా అమ్మా?"

"మౌస్ ప్యాడ్ కావాలని మూడుసార్లు చెప్పేరండి."

"నాలుగు," అన్నారు సోమేశ్వరరావు గారు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

అందరూ గణపతి వైపు చూశారు. పారిపోదామంటే గుమ్మంలో నాన్నగారే నిలబడ్డారు.

"మా నాన్నగారికేం ఇష్టమో నేను ఎప్పుడూ అడగలేదండీ," అన్నాడు గణపతి. "మీరడిగేరు. మీరడక్కపోతే నాకు జన్మలో తెలిసేది కాదు. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీదు గానీ... ఇకనుంచి మీకేమిష్టమో అడుగుతూ ఉండాలనుందండీ. రోజూ. మీ ఇంట్లో వాళ్ళు ఒప్పుకుంటే, మా ఇంట్లో."

నాగదుర్గ తండ్రి వైపు చూసింది. ఆయన పేపరు మడిచేసి, లేచి, మాణిక్యాలరావుకి కుర్చీ లాగి వేశారు.

"ఇష్టమేనా అండీ?" అన్నాడు గణపతి, ఇక ఆగలేక.

"ఆయ్," అని తలూపింది నాగదుర్గ.