ట్రాన్సిస్టర్ మీద వేలు

ఉదయం పదకొండు గంటలకు మెకానిక్ ఒక మనిషిని మెట్ల మీద కాల్చేశాడు. మెకానిక్ అంటే గూఢచారి డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు. ఏజెంట్ కాకముందు అతను రేడియోలు బాగుచేసేవాడు. ఎదుటివాడు జేబులో చెయ్యి పెట్టాడని కాల్చాడు. తీరా చూస్తే జేబులో పిస్టల్ లేదు. చిన్న స్క్రూడ్రైవరూ, బాంబు ఆపేసి లొంగిపోతానని రాసుకున్న ఉత్తరమూ ఉన్నాయి.

చనిపోయినవాడు విదేశీ ముఠాకి బాంబు చేసిచ్చిన ఇంజనీరు. ఉత్తరం సంగతి విని చీఫ్ ఫోన్లో ముక్తసరిగా బ్రీఫింగ్ ఇచ్చాడు. బాంబు నడుస్తున్న రైల్లో ఉంది. ఆరువందల మంది. నాలుగింటికి పేలుతుంది; రైలు ఆగితే అప్పటికప్పుడే పేలుతుంది. రేడియోలో అయిదు స్వరాలు వరసగా పంపితే చల్లబడుతుంది. ఒక్కటి తప్పినా అంతే. ఆ స్వరాలను ఇంజనీరు ఇంట్లో తయారుచేసుకున్న సింథసైజరే పలికించాలి, దాని గొంతు తప్ప బాంబు మరొకటి గుర్తుపట్టదు.

మెకానిక్ ఆ మెట్ల పైనున్న ఇంజనీరు గదిలో, సింథసైజరు బిగించిన చెక్కపెట్టె ముందు కూర్చున్నాడు. నాలుగు గంటలుగా అదే పని. కింది స్వరం మీటర్లో సరిచేస్తే పైది జారిపోయేది. పైది సరిచేస్తే కిందిది చెడేది. రెండూ కుదిరాయనుకుంటే కిటికీలోంచి గాలి వీచి మొత్తం మళ్ళీ మొదటికొచ్చేది. చచ్చినవాడి స్క్రూడ్రైవరుతోనే స్క్రూ తిప్పుతున్నాడు. ఆశ ఎప్పుడో వదిలేశాడు, చెయ్యి మాత్రం మానలేదు.

తలుపు తీసుకుని గాయని వచ్చింది. పెద్ద హోటల్లో పాడేది. ముఠా జీతమూ తీసుకునేది, డిపార్ట్‌మెంటుకి కబుర్లూ చేరవేసేది. పట్టుచీర, ముత్యాలు, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"మెట్ల మీద మా అన్నయ్యని చూశాను. మీరేనా?"

"నేనే," అన్నాడు మెకానిక్. ఆ ఇంజనీరుకి చెల్లెలుందని డిపార్ట్‌మెంటులో ఒక్కరికీ తెలియదు. సిగ్గుతో అతనికి తలెత్తబుద్ధి కాలేదు. ఉత్తరం ఆమె వైపు తోశాడు.

ఆమె చదివింది. గడియారం చూసింది. నాలుగవడానికి తొమ్మిది నిమిషాలున్నాయి.

"వాయించండి," అంది.

వాయించాడు. మీటరు సరేనంది, ఆమె తల అడ్డంగా ఊపింది. "మూడోది అప్పుడే దిగిపోతోంది. మా అన్నయ్య ఆ నల్ల ట్రాన్సిస్టర్ మీద బొటనవేలు ఆనించి ట్యూన్ చేసేవాడు. ఒంటి వేడి మారదుగా. వేలు తీస్తే స్వరం పోతుంది."

నమ్మాలా వద్దా? ఆలోచించే టైమే లేదు. కుడి బొటనవేలు ఆనించాడు. పిస్టల్ తీసే చెయ్యీ అదే. వేడెక్కేదాకా రెండు నిమిషాలు ఆగి, ఎడంచేత్తో స్క్రూ తిప్పాడు. ఆమె "ఇంకాస్త, ఇంకాస్త, చాలు" అంటూ వచ్చింది. ఆమె పిస్టల్ మాత్రం అతని కణత మీంచి కదల్లేదు.

మూడు గంటల యాభైతొమ్మిది నిమిషాలకి ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి అయిదు స్వరాలూ పంపాడు. గోడ గడియారం నాలుగు కొట్టింది. ఫోన్ మోగింది. ఆమె ఎత్తి విని పెట్టేసింది.

"రైలు క్షేమం. మా అన్నయ్య కోరిక తీరింది," అంది. కళ్ళు నిండాయి, పిస్టల్ మాత్రం కణత మీదే ఉంచింది. "ఇక వేలు తియ్యండి."

మెకానిక్ జీవితంలో ఏ పనీ అవసరానికి మించి చెయ్యలేదు. ఈసారి మాత్రం, ఆ చెయ్యి మళ్ళీ తన పిస్టల్ మీదికి పోకుండా, వేలు అలాగే ఉంచాడు.