రెండు పిలుపులు

"చీకటి పిట్టా, చీకటి పిట్టా, ఎవరిని పిలిచావే...
వాకిట్లో దీపం పెట్టకముందే..."

ఆ తర్వాతి ముక్క గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు మా వీధి ఆడపిల్లలం పాడుకునేవాళ్ళం.

అమెరికాలో మా షాంటిలీ ఊరి నుంచి కారులో గంట పోతే ఒక బీడు ఉంది. పిట్టల కోసం, జంతువుల కోసం వదిలేసిన నేల. నడుమెత్తు బ్లూబెర్రీ పొదలు, మధ్యలో ఇసక బాట. పొద్దుగూకితే మనవాళ్ళెవరూ అక్కడ ఆగరు. మన ఇంటి మనిషి గొంతుతోనే ఏదో పిలుస్తుందని... పలికితే దారి తప్పిస్తుందని చెప్పుకుంటారు.

మా పక్కింటి జోసఫిన్ నవ్వేది. తెలుగు చర్చిలో పాటలు పాడే పిల్ల. ప్రార్థన చేసుకునేవాళ్ళకి దెయ్యాలేంటి మామ్మగారూ అని నన్నే ఆటపట్టించేది. మొన్న జూన్ మొదట్లో కూతురు మాయని తీసుకుని ఆ బీడుకి వెళ్ళింది. ఆరేళ్ళ పిల్ల, పిట్టలంటే ప్రాణం.

వెలుగు తగ్గుతోంది. ఫోన్ మోగితే జోసఫిన్ అటు తిరిగి మొగుడితో రెండు మాటలు మాట్లాడింది. ఇటు తిరిగేసరికి — బాట మీద పాప లేదు.

పిలవబోయింది. అంతలో పొదల్లోంచి...

"అమ్మా."

సన్నగా. మాయ గొంతే.

పలకబోయి ఆగిపోయింది. చీకట్లో మూడోసారి పిలిచేదాకా పలక్కూడదని చిన్నప్పుడు తన నాయనమ్మ నేర్పింది. దెయ్యమైతే రెండుసార్లే పిలుస్తుందట. ఎన్ని ప్రార్థనలు చేసినా ఆ మాట ఒంట్లోంచి పోలేదు. చేత్తో నోరు మూసుకుంది.

ఎక్కడో ఒక పిట్ట కూత ఎత్తుకుంది — ఊపిరి తీసుకోకుండా, అదే కూత, అదే కూత. ఫోన్ లైటు వేస్తే ఇసక మీద రెండు ఎర్రటి కళ్ళు... రెక్కల చప్పుడన్నా లేకుండా ముఖం పక్కనుంచి లేచిపోయాయి.

"అమ్మా."

ఈసారి ఇంకా దూరం నుంచి.

మూడోది రావాలి. చెవులు రిక్కించింది. రాలేదు... ఎంతసేపటికీ రాలేదు.

అది దెయ్యమేనా? లేక పాపకి ఇక పిలిచే ఓపిక లేదా?

"వస్తున్నా తల్లీ" అని గొంతు చించుకుంటూ పొదలకడ్డంపడి పరుగెత్తింది.

నల్లటి నీటిమడుగు అంచున, మెత్తటి బురదలో, మాయ గొంతుక్కూర్చుని ఉంది. ఇంకొక్క అడుగు వేస్తే మడుగే. పాప పక్కన ఆకుల్లో రెండు పిట్టపిల్లలు. తల్లిపిట్ట రెక్క విరిగినట్టు నటిస్తూ, మనుషుల్ని తనవైపు తిప్పుకోవాలని నేలమీద ఈడ్చుకుంటూ పోతోంది. ఆ ఎర్రకళ్ళు దానివే.

జోసఫిన్ బిడ్డని లాక్కుని గుండెకి హత్తుకుంది. రెండుసార్లు పిలిచి ఊరుకున్నావేమే అని ఏడుస్తూ అడిగింది.

మాయ గుసగుసగా అంది — "నేను పిలవలేదు అమ్మా. బేబీ బర్డ్స్ భయపడతాయి కదా."

మా ఇంటికొచ్చి ఇదంతా చెప్పింది జోసఫిన్. వెళ్ళడానికి లేచి, గుమ్మం దగ్గర ఆగి, నెమ్మదిగా అంది —

"అదెవరో నాకు తెలీదు మామ్మగారూ... మళ్ళీ పిలిస్తే మాత్రం, మొదటి పిలుపుకే పలుకుతాను."