ఎనిమిదో అంతస్తు ఖాళీ కాదు

"హొసకోటె బస్సు వెళ్ళిందా?"

"వెళ్ళింది. మనవాళ్ళెవరూ ఎక్కలేదు."

కోడ్ సరిపోయింది. కె.ఆర్.పురం స్టేషన్ ఎదుటి దర్శిని హోటల్లో నిలబడి ఇడ్లీని సాంబారులో ముంచుతున్న పాపయ్య, అనగా గూఢచార విభాగపు దక్షిణ మండలాధిపతి, తలెత్తకుండానే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"హూడిలో ఆర్కిడ్ టెక్ పార్కు. ఎనిమిదో అంతస్తు సర్వర్లలో మన ఉపగ్రహాల సంకేతాలున్నాయి. ఒక విదేశీ ముఠా కన్నేసింది. ఫైర్ అలారం మోగిస్తారు. తలుపుల లాకులు వాటంతటవే ఊడతాయి. జనం బయటికి పోతారు. వాళ్ళు లోపలికి నడుస్తారు. అంతే."

"జనం బయటికి పోకపోతే?" అన్నాడు ఏజెంట్ డానియల్.

పాపయ్య చేతిలో ఇడ్లీ దారిలోనే ఆగింది. "వారెవ్వా!"

ఆ విధంగా, దుర్గరక్షణ శాస్త్రంలో ఎవరూ ఎరుగని వ్యూహమొకటి అవతరించింది. ఎమర్జెన్సీ ప్లానింగ్ ఆఫీసరు వేషంలో డానియల్ ఆ భవనంలో ప్రవేశించి, మూడు నెలలపాటు భోజనాల వేళ, మీటింగుల వేళ, నిద్ర ముంచుకొచ్చే మధ్యాహ్నపు వేళ అలారం మోగించాడు. ప్రతిసారీ మైకులో "ఇది డ్రిల్ కాదు" అని గంభీరంగా ప్రకటించాడు. మొదట్లో జనం పరుగెత్తారు. తర్వాత నడిచారు. ఆ తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. కోట దుర్భేద్యమైంది.

ఒక్క గ్రేసు మాత్రం లేచేది. అకౌంట్స్‌లో పనిచేసే ఆమె ఎనిమిదో అంతస్తుకు ఫైర్ వార్డెన్. మోకాళ్ళ నొప్పితోనే మెట్లన్నీ దిగి, ఆరెంజ్ జాకెట్‌తో పార్కింగులో ఒంటరిగా నిలబడేది.

"ఏమప్పా డానియలూ, దినామూ మోగిస్తే ఎవురప్పా లేసేది?"

"ప్రాక్టీసు అక్కా."

"దేనికి ప్రాక్టీసు? కూర్చునేదానికా?"

అతడు నవ్వి తప్పించుకున్నాడు. ఆదివారం చర్చిలో ఆమె అతడి పక్కనే మోకరించి, "దేవా, ఈ బిడ్డ చేసే పనిని ఆశీర్వదించు" అని ప్రార్థించినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం, కంట్రోల్ రూములోకి పరిమళమూ, దాని వెనక కిరణ్మయీ వచ్చారు. పైకి ఏసీ కాంట్రాక్టు కంపెనీ మేనేజరు. లోపల డబుల్ ఏజెంట్. ఏ రోజు ఎవరి పక్షమో ఉదయం అద్దం ముందు నిర్ణయించుకుంటుందని విభాగంలో ప్రతీతి.

"ప్లాన్ మారింది, డానియల్. నీ జనం లేవరని వాళ్ళకి తెలిసిపోయింది."

"ఎలా?"

"నేనే చెప్పాను. అది నా డ్యూటీ. నీకు చెప్పడం ఇంకో డ్యూటీ." నల్ల కళ్ళద్దాలు తీసింది. "లేవని జనానికి విషవాయువు చాలన్నారు. బేస్‌మెంట్ ఏసీ ప్లాంటులో సిలిండరుంది. ఏసీ ఆపినా, దాన్ని ముట్టుకున్నా వెంటనే తెరుచుకుంటుంది. ఎలాగూ పావుగంటలో తెరుచుకుంటుంది."

డానియల్ అలారం నొక్కాడు. "ఇది డ్రిల్ కాదు! దేవుడి తోడు, ఇది డ్రిల్ కాదు!"

సీసీటీవీలో ఒకడు ఆవులించాడు. ఇంకొకడు కుర్చీ వెనక్కి వాల్చాడు. ఫోన్ మోగింది.

"ఎవురూ లేస్తా లేరప్పా," అంది గ్రేసు, ఆయాసపడుతూ.

"ఈసారి నిజం అక్కా! నువ్వు దిగిపో!"

"నా ఫ్లోరు ఖాళీ కాకుండా నేనెట్ల దిగేది? వార్డెన్ ఆఖర్న దిగాలని నువ్వే గదా నేర్పిచ్చింది?"

తాను నేర్పిన పాఠాల్లో ప్రాణం పోసే పాఠం ఆమె ఒక్కతే నేర్చుకుంది. ప్రాణం తీసే పాఠం మిగతావాళ్ళందరూ నేర్చుకున్నారు. డానియల్ అలారం కట్టేశాడు. చొక్కా గుండీలోని మైకును స్పీకర్లకు కలిపి, విసుగెత్తిన ట్రాన్స్‌పోర్టు గుమాస్తా గొంతుతో అన్నాడు:

"గమనిక. బ్రిడ్జి రిపేరు వల్ల కె.ఆర్.పురం రోడ్డు ఇంకాసేపట్లో మూసేస్తున్నారు. క్యాబులు ఇప్పుడే బయల్దేరుతున్నాయి. మిస్సయినవాళ్ళు తెల్లారేదాకా ఇక్కడే."

భవనం గర్జించింది. శుక్రవారం సాయంత్రం, కె.ఆర్.పురం రోడ్డు! కుర్చీలు కూలాయి, ల్యాప్‌టాప్‌లు సంచుల్లోకి దూకాయి, మెట్ల మీద మహాప్రవాహం పోటెత్తింది. దాని తోకన, గోడ పట్టుకుంటూ, ఆరెంజ్ జాకెట్. ఆమె గుమ్మం దాటింది, వెనకే బయటికొచ్చి డానియల్ తలుపు మూశాడు, లోపల బుస్సుమంది. విషమంతా ఖాళీ కుర్చీల పాలైంది.

గేటు బయట ఏసీ సర్వీసు వ్యానులో మాస్కులతో కాచుకున్న ముఠా మాత్రం, ఎదురొచ్చిన క్యాబుల మధ్య ముందుకూ వెనక్కూ కదల్లేక, పోలీసులు తీరిగ్గా నడిచివచ్చి పట్టుకునేదాకా హారన్ కొడుతూనే ఉంది.

సోమవారం పాపయ్య ఫోన్ చేశాడు. "నీ వ్యూహానికి పతకం సిఫారసు చేస్తున్నా." డానియల్ పెట్టేశాడు. ఎదురుగా గ్రేసు నిలబడి ఉంది.

"రోడ్డు మూయనే లేదంట గదప్పా. అబద్ధం చెప్పినావా?"

"చెప్పానక్కా. క్షమించు."

"దాన్ని దేవుడే క్షమిస్తాడులే, ఇంతమందిని బతికిచ్చినావు. ఆ మూడు నెల్లూ ఎందుకు మోగిచ్చినావో, అది చెప్పు."

ఆ జవాబు చట్టరీత్యా దేశ రహస్యం. ఆ చట్టం రాసిన మహానుభావులకు ఏజెంట్ డానియల్, తల దించుకుని, మనసారా నమస్కరించాడు.