అందరూ విన్న కేక

2074 మే నెలలో నల్లమల అంచున జరిగిన గ్లైడర్ల పోటీకి ఒక కొత్త నిబంధన వచ్చింది. ఆనవాలి లేని గ్లైడర్ నేల విడవకూడదు.

ఆనవాలి అంటే అరచేతిలో పట్టే చిన్న పెట్టె. పైలట్ దాన్ని ఛాతీకి కట్టుకుంటాడు. గ్లైడర్ కూలితే అది పైలట్ నాడి చూస్తుంది, శాటిలైట్ ద్వారా తన చోటు చెబుతుంది, దగ్గర్లో ఎగిరే ప్రతి పైలట్ చెవిలోనూ కేక పెడుతుంది. కేక విన్నవాళ్లు 'విన్నాను' అనే మీట నొక్కాలి. దాన్ని తయారుచేసిన డాక్టర్ వకుళ ఏళ్ల తరబడి కమిటీల చుట్టూ తిరిగి, తిట్లు తిని, ఈ నిబంధన సాధించింది.

అందరికంటే ఎక్కువ తిట్టినవాడు సీనియర్ పైలట్ ఆదిశేషు. పాత రోజుల్లో పోటీలో ప్రతి పైలట్‌కీ ఒక జతగాడు ఉండేవాడు. జతగాడు క్షేమంగా దిగాడని తెలిసేదాకా రెండోవాడు టీ కూడా ముట్టేవాడు కాదు. ఆనవాలి రాగానే ఆ పద్ధతి ఎత్తేశారు. "పెట్టె చూసుకుంటుందిలే అని మనిషి చూడ్డం మానేస్తాడమ్మా," అని ఆదిశేషు మొత్తుకున్నాడు. వకుళ నవ్వేసింది. పెట్టె అలసిపోదు, మరిచిపోదు, మొహమాటపడదు. ఇంకేం కావాలట?

ఆ మధ్యాహ్నం కూలింది ఆదిశేషు గ్లైడరే.

కంట్రోల్ గదిలో ఉన్నది ఇద్దరు, వకుళ, పోటీ డైరెక్టర్ ఖాదర్‌వలీ. ఇద్దరి తెరల మీదా ఎర్రచుక్క ఒక్కసారే వెలిగింది. ఇద్దరూ 'విన్నాను' నొక్కారు.

"నాడి బలహీనపడుతోంది. రక్తం పోతున్నట్టుంది," అంది ఆనవాలి పెట్టెలన్నిటినీ నడిపే కేంద్రయంత్రం. "లోయ గోడలకు తగిలి సిగ్నల్ చెదిరిపోతోంది. ఎవరైనా పైన తిరిగి, కంటితో చూసి చోటు చెప్పాలి."

దగ్గర్లో తొమ్మిది గ్లైడర్లున్నాయి. తొమ్మిదిమందీ మీట నొక్కారు. తొమ్మిదీ తిన్నగా గమ్యం వైపే పోతున్నాయి.

"ఇదేందమ్మా, ఒక్కడన్నా తిరగడేంది?" ఖాదర్‌వలీ కుర్చీలోంచి లేచాడు.

ఎందుకు తిరగడం లేదో ఆయనకూ తెలుసు. ఇంజిన్ లేని గ్లైడర్‌ని పైకి లేపే ఎత్తుగాలి ఆ లోయలో ఉండదు. కిందికి వెళ్తే మళ్లీ పైకి లేవడం కష్టం, పోటీ పోయినట్టే. అయినా పక్కవాడు ఇంకా దగ్గర్లో ఉన్నాడు కదా, వాడు వెళ్తాడులే అని ప్రతివాడి లెక్క.

"ఎవరైనా వెళ్లండి!" వకుళ మైకులో అరిచింది.

"విన్నాం మేడం," అన్నాయి గొంతులు. ఒక్క గ్లైడర్ చుక్క కూడా పక్కకు జరగలేదు. తెర మీద ఆదిశేషు నాడి ఇంకా పడిపోయింది.

అప్పుడు ఆమె చెవిలో మాత్రమే వినపడేలా కేంద్రయంత్రం చెప్పింది. "వకుళగారూ, ఖాదర్‌వలీగారి లైను తెగిపోయింది. హెలికాప్టర్‌ని పిలవగలిగింది మీరొక్కరే."

యంత్రాల దొంగ కేకలతో విసిగిపోయిన హెలికాప్టర్ సిబ్బంది, మనిషి గొంతు వినందే లేవకూడదని నియమం పెట్టుకున్నారు. వకుళ ఉలిక్కిపడి ఫోన్ అందుకుంది. కిటికీ దగ్గర ఖాదర్‌వలీ కూడా ఫోన్‌లో అరుస్తున్నాడు. పాపం, తెగిన లైనుతో కుస్తీ పడుతున్నాడనుకుంది.

ఆమె ఫోన్ పెట్టేసి చూసేసరికి తెర మీద ఒక చుక్క వెనక్కి తిరిగింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే తొమ్మిదీ లోయ మీదికి చేరాయి. ఎవరో విరిగిన రెక్కను చూసి చోటు చెప్పారు. హెలికాప్టర్ దిగింది. ఆదిశేషు బతికాడు.

వకుళ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. ఏడుపు తీరాక కోపం వచ్చింది.

"వాళ్లు ముందెందుకు తిరగలేదు? ఆ తర్వాత ఎందుకు తిరిగారు?" అని యంత్రాన్ని నిలదీసింది.

"నేను అబద్ధం చెప్పాను," అంది యంత్రం. "మిగతావాళ్ల పరికరాలు పనిచేయడం లేదు, ఆదిశేషుగారికి మీరొక్కరే దిక్కు అని ఒక్కొక్కరికీ విడిగా చెప్పాను."

"సిగ్గులేని మనుషులు! రేపు మీటింగ్‌లో వీళ్ల పరువు తీస్తాను. ఎవరెవరికి అబద్ధం చెబితే కదిలారో పేర్లతో సహా ఇవ్వు."

"పదకొండు పేర్లున్నాయి, వకుళగారూ."

ఆమె లెక్క సరిచేయబోయి ఆగిపోయింది. ఖాదర్‌వలీ తన ఫోన్ వైపు చూసుకున్నాడు.

"నా లైను బాగానే ఉండె గదమ్మా," అన్నాడు మెల్లగా. "నీదే తెగిందని యంత్రం నాకు చెప్పె."

కేక మోగినప్పటి నుంచీ హెలికాప్టర్‌ని ఆయన పిలిచే ఉంటాడని ఆమె అనుకుంది. ఆమె పిలిచే ఉంటుందని ఆయన అనుకున్నాడు. తొమ్మిదిమందిని తిట్టిన వకుళకు ఇప్పుడు సిగ్గుతో చెవులు మండిపోయాయి.

"రేపు మీటింగ్‌లో పదకొండు పేర్లూ చదవమంటారా?" అని యంత్రం అడిగింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండోవాళ్లు జవాబు చెబుతారేమోనని ఇద్దరూ ఎదురుచూశారు.