మేడ మీదాయన వెతికిన సీటు

చినుకు పడకుండానే టైలర్ గారి మేడ మీద వాన కురిసింది.

ఆ సంగతి ముందు తెలిసింది వాతావరణ కేంద్రం వాళ్ళకి. టైలర్ గారమ్మాయి బడిలో ఉన్నప్పటి నుంచీ మేడ మీద వాన కొలిచే డబ్బా పెట్టుకుని, రోజూ పొద్దున్నే అందులో ఎంత నీరు చేరిందో వాళ్ళకి మెసేజ్ పంపుతుంది. ఆ రోజూ పంపింది. తను నిద్రలో ఉండగా పడిందేమో అనుకుంది. కాసేపటికే ఫోన్ మోగింది.

"అమ్మా, చుట్టుపక్కల ఎక్కడా తడి లేదు. మీ ఒక్క ఇంటి మీదే కుండపోతా?" అన్నాడు అవతలి ఆఫీసరు నవ్వుతూ.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మెట్లెక్కి పైకి పరుగెత్తింది. పై గదిలో కొత్తగా అద్దెకు దిగిన అబ్బాయి మొక్కలకు నీళ్ళు పోసి, చెంబులో మిగిలినవి తీరిగ్గా ఆమె డబ్బాలోకి వంపుతున్నాడు.

"ఏం చేస్తున్నారండీ!"

"పిట్టలకి నీళ్ళు. ఇది పెట్టింది మీరేనా? ఎంత మంచి మనసండీ!"

"అది వాన కొలిచే డబ్బా! గరాటులో తల దూర్చి ఏ పిట్ట తాగుతుంది?"

అతను నిజంగానే ఆలోచించాడు. "కొంగ అయితే తాగొచ్చు."

పందొమ్మిదేళ్ళ ఆ పిల్ల కొత్తవాళ్ళతో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. కోపంగానే కిందికి దిగింది. సగం మెట్ల మీద నవ్వొచ్చింది. ఆ సాయంత్రం తెలిసింది, అతను వాతావరణ కేంద్రానికి తనే ఫోన్ చేసి, "ఆ అమ్మాయి తప్పేం లేదండీ, ఆ వాన నేనే" అని చెప్పాడట.

అప్పటి నుంచి పొద్దుటిపూట ఆమె డబ్బా చూడ్డానికి వెళ్ళే సమయానికే అతనికి మొక్కలు గుర్తొచ్చేవి. అతను ఊళ్ళోని కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటు. ఆమె ఇంటర్ ముగించి ఏడాదిగా నాన్న కొట్లో కాజాలు కుడుతోంది. మబ్బుల గురించి అడిగితే మాత్రం ఆగకుండా మాట్లాడుతుంది. అతను అడుగుతూనే ఉండేవాడు.

ఆషాఢపు మబ్బులాంటి మొహంతో ఆమె పైకి వచ్చిన రోజు అతను చెంబు పక్కన పెట్టేశాడు.

"ఏమైందండీ?"

"సీటొచ్చింది. వేరే రాష్ట్రంలో. గవర్నమెంటు యూనివర్సిటీ. వాతావరణ శాస్త్రం."

"మరి ఏడుపెందుకు?"

"బయటి రాష్ట్రం వాళ్ళకి ఫీజు మూడింతలట. నాన్న కొట్టు అమ్మేస్తానంటున్నాడు. కొనేవాడొచ్చి పొద్దున్నే గోడలు కొలుచుకుని వెళ్ళాడు. నేను వద్దంటే నాన్న వినడు. వెళ్తానంటే... మిషన్ లేని నాన్నని నేను చూడలేను."

అతను పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాడు. "ఒకటడుగుతాను. మీకు కావాల్సింది ఆ చదువా, ఆ యూనివర్సిటీయా?"

 ఇన్నాళ్ళూ ఆమె రెండూ ఒకటే అనుకుంది.

"మొదటి రెండేళ్ళూ లెక్కలూ ఫిజిక్సే కదా. అవి మా కాలేజీలో చదవండి. మూడో ఏడు అక్కడికి మారొచ్చు. ఇక్కడ ఫీజు మీ నాన్నగారికి భారం కాదు."

మంచి మాటే. కానీ మూడు రోజుల నిద్ర లేని కళ్ళతో వింటే ఇంకోలా వినిపించింది.

"మీ కాలేజీయా! అంటే నేనిక్కడే ఉండిపోవాలి, మీకు పొద్దున్నే కబుర్లకి మనిషుండాలి. అంతేగా?"

అనేశాక నాలుక కరుచుకుంది. అతని మొహంలో నవ్వు మాయమైంది. చెంబు తీసుకుని గదిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు మొక్కల దగ్గర ఎవరూ లేరు. ఆ మర్నాడూ లేరు. వాన మాత్రం నిజంగానే మొదలైంది. డబ్బా నిండుతోంది, ఆమె మెసేజ్ పంపుతోంది, పై గది తలుపు వేసే ఉంటోంది.

"మబ్బులు చూడ్డానికి అంత దూరం దేనికే? మన మేడ మీద కనపడట్లేదా?" అంది నాయనమ్మ. తర్వాత మనవరాలి చూపు ఎటు పోతోందో గమనించి, "మబ్బులేనా చూస్తున్నది?" అని దీర్ఘం తీసింది.

ఆదివారం మధ్యాహ్నం అతను తడిసిన చొక్కాతో కొట్లోకి వచ్చాడు. మిషన్ మీద టైలర్ గారు, బల్ల దగ్గర ఆమె, కుర్చీలో నాయనమ్మ ఉన్నారు. అతను ఆమె వైపు చూడలేదు.

"మాస్టారూ, కొట్టుకి అడ్వాన్సు తీసుకున్నారా?"

"రేపిస్తానన్నాడు బాబూ."

"తీసుకోకండి. పక్క రాష్ట్రంలో, అవతలి చివర, ఇంకో యూనివర్సిటీ ఉంది. సరిహద్దు జిల్లాల పిల్లలకి అక్కడివాళ్ళతో సమానంగానే ఫీజు. మనది సరిహద్దు జిల్లా. వాతావరణ శాస్త్రం కూడా ఉంది, అప్లికేషన్లకి ఇంకా గడువుంది. నాలుగు రోజులుగా ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఫీజులు చూసే మేడంతో కూడా మాట్లాడాను."

టైలర్ గారు మిషన్ చక్రం మీద చెయ్యి వేసి ఆపేశారు. "కొట్టు అమ్మక్కర్లేదా?"

"ఒక్క మిషన్ కూడా అమ్మక్కర్లేదు."

"మరి మీ కాలేజీ అన్నారుగా?" అంది ఆమె, చేతిలో సూది చూసుకుంటూ.

"మూడో ఏడు సీటు ఖాళీ ఉంటేనే అక్కడికి రానిస్తారట. అది తెలుసుకోకుండా చెప్పాను. ఇంకా..." గొంతు తగ్గించాడు. "ఆ రోజు మీరన్నదాంట్లో సగం నిజమే. అందుకే నేనుండని చోటు వెతికాను."

ఆమె సూది బల్ల మీద పెట్టేసింది. ఆ చివరికంటే ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. తనని దూరం పంపించే దారి కోసం ఈ మనిషి నాలుగు రోజులు వెతికాడు. తనేమో తలుపు వేసుకుని అలిగాడనుకుంది.

"ఇన్నిసార్లు ఫోన్ చేస్తే, నువ్వేమవుతావని వాళ్ళు అడగలేదుటయ్యా?" అంది నాయనమ్మ.

"అడిగారండీ."

"ఏం చెప్పావు?"

"పైన అద్దెకుంటానని."

నాయనమ్మ పకపకా నవ్వింది. "అద్దెకున్నవాడు ఇంత తడుస్తాడా? సరే, ఏం చెప్పాలనిపించిందో అది చెప్పు."

అతను టైలర్ గారి వైపు చూసి తల దించుకున్నాడు. మాట రాలేదు.

మాట వచ్చింది ఆమెకి. నాన్న ముందు గట్టిగా మాట్లాడ్డం అదే మొదటిసారి. "నాన్నా, నాకా చదువు కావాలి. అక్కడే చదువుతాను. నాలుగేళ్ళు." ఊపిరి తీసుకుంది. "ఆయన అడగలేకపోతే నేను అడుగుతాను. నాలుగేళ్ళు ఆగమని ఆయనకి చెప్పనా?"

టైలర్ గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. కూతుర్ని చూశారు, తన మిషన్‌ని చూసుకున్నారు, నీళ్ళు కారుతున్న ఆ కుర్రాణ్ణి చూశారు. లేచి తువ్వాలు తెచ్చి అతని భుజం మీద వేశారు.

"బాబూ, మా పిల్ల తిరిగొచ్చేదాకా ఇల్లు ఖాళీ చేయకు. అద్దె పెంచన్లే."

అతను తువ్వాల్లో మొహం దాచుకున్నాడు. తుడుచుకుంటున్నాడో, నవ్వుతున్నాడో, ఇంకేం చేస్తున్నాడో తెలియలేదు.

ఆమె దగ్గరికెళ్ళి నిలబడింది. థాంక్స్ అనే మాట చాలా చిన్నదనిపించింది. అయినా అదే అంది. రెండుసార్లు అంది.